పాట, బాట, మాట

తలుపు రేకుది. తోయకముందే అరచేతికి తెలిసిపోతుంది, లోపల సాంచాలు నడుస్తున్నాయని. రేకు సన్నగా వణుకుతుంటుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇప్పటిదాకా మీ చెవులు ఏమేం వింటున్నాయో గుర్తు పెట్టుకోండి: వీధి చివర ఆటో, ఎదురింటి బోరు మోటారు, మీ పక్కనే నడుస్తున్న నా చెప్పులు. తలుపు తీయగానే అవన్నీ పోతాయి.

ఇది సిరిసిల్ల. బి.వై. నగర్‌లో ఒక షెడ్డు. మరమగ్గం అని పుస్తకాల్లో రాస్తారు గానీ ఇక్కడ అందరికీ అది సాంచానే. రెండు వరసల్లో 16 సాంచాలు. ప్రతి దానిలోనూ ఒక కర్ర చెయ్యి షటిల్‌ని ఇటు నుంచి అటు కొడుతుంది, ఇంకో చెయ్యి అటు నుంచి ఇటు కొడుతుంది. నిమిషానికి నూరు దెబ్బలకు పైనే. అలాంటివి 16 ఒకేసారి, ఒకదానితో ఒకటి తాళం కలవకుండా. ఈ మోత చెవిలోకి వస్తున్నట్టు ఉండదు, రొమ్ములోకి వస్తున్నట్టు ఉంటుంది. పళ్లకు తగులుతుంది. మీరు నావైపు తిరిగి ఏదో అంటారు. నాకు మీ పెదవులు మాత్రమే కనిపిస్తాయి.

నా ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఉంది. అది ప్రయోగశాల పరికరం కాదు, ఉజ్జాయింపుగానే చూడాలి. ముల్లు 94, 95 దగ్గర తచ్చాడుతోంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియాష్ సంస్థ లెక్క ఒకటుంది. 85 డెసిబెల్స్‌లో మనిషి రోజుకు 8 గంటలు ఉండవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక్క గంట.

మా బాపు రోజుకు 12 గంటలు నిలబడ్డాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. పదిహేడో ఏట భీవండి పోయి అక్కడ 9 ఏళ్లు, తిరిగొచ్చి సిరిసిల్లలో 31 ఏళ్లు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పుడు వరసగా నెలల తరబడి సాంచాలు ఆగింది లేదు. ఆ సంవత్సరాల్లో ఇంట్లోకి నాలుగు డబ్బులు వచ్చాయి, అది నేను మరిచిపోను. చెవులు కూడా ఆ సంవత్సరాల్లోనే పూర్తిగా పోయాయని అవ్వ అంటుంది. నేను మాత్రం భీవండిలోనే మొదలైందని అనుకుంటాను. మొదటి రోజు షిఫ్టు దిగాక చెవుల్లో దూది పెట్టినట్టు అయిందని, తెల్లారేసరికి విచ్చుకుందని బాపే చెప్పాడు. తెల్లారేసరికి విచ్చుకోవడం ఎప్పుడు ఆగిపోయిందో మాత్రం చెప్పలేకపోయాడు. అది ఏ మనిషికీ తెలియదు. కన్ను మసకబారితే తెలుస్తుంది. వినపడని చప్పుడు వినపడలేదని ఎలా తెలుస్తుంది?

ఆ మూలన ఉన్న ఇద్దరిని చూడండి. ఒకతను రెండు వేళ్లు ఎత్తి మణికట్టు తిప్పాడు. రెండో సాంచాలో పోగు తెగిందని అర్థం. రెండో అతను నోరంతా పెద్దగా కదుపుతూ బదులిచ్చాడు, గొంతులోంచి చప్పుడేమీ తీయకుండానే. ఇంగ్లండులో లాంకషైర్ నూలు మిల్లుల్లో ఆడవాళ్లు ఇలాగే పెదవులతో మాట్లాడుకునేవారు, దానికి మీమావింగ్ అని పేరు కూడా ఉండేది. బాపుకు ఈ పేరు తెలియదు. విద్య మాత్రం 40 ఏళ్లలో వచ్చేసింది. ఆయనకు చెముడు వచ్చిందని మాకు అంత ఆలస్యంగా తెలిసింది ఆ విద్య వల్లే.

ఇక పదండి, ఇంటికి.

*

కొంతకాలం కిందటి ఒక రాత్రి, అన్నాల వేళ. మూడు గదుల ఇల్లు, కింద నున్నటి బండలు, పైన రేకులు. గుడ్డ అనేది పరుపుల మీద తప్ప ఎక్కడా లేదు, అందుకని ప్రతి చప్పుడూ గోడకు తగిలి తిరిగి వస్తుంది. ఫ్యాను నడుస్తోంది. టీవీలో వార్తలు. తమ్ముడి కూతురు స్టీలు గిన్నెను బండల మీద దొర్లిస్తోంది. బాపు గోడకు ఆనుకుని కంచం ముందు కూర్చున్నాడు. అవ్వ వెనక నుంచి వంగి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"సాలా?"

బాపు తల ఎత్తకుండానే అన్నాడు. "పాలెందుకే? పెరుగుతోటి తింట."

మేమంతా నవ్వాం. చిన్నపిల్ల కూడా నవ్వింది, మేం నవ్వుతున్నామని. ఇప్పుడు మీరు మమ్మల్ని చూడకండి, బాపు ముఖం చూడండి. ఆయనా నవ్వుతున్నాడు. దేనికి నవ్వుతున్నామో ఆయనకు తెలియదు. అందరూ నవ్వుతున్నప్పుడు నవ్వాలని మాత్రం తెలుసు. నవ్వు ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది, ఒక క్షణం ముందే ఆగిపోయింది. ఇన్నేళ్లలో అలాంటి నవ్వులు ఎన్ని చూశానో, ఒక్కదాన్నీ చదవలేకపోయాను. తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

నేను హైదరాబాద్ నుంచి ఫోను చేస్తే బాపు "బాగున్నవా బిడ్డా" అనేవాడు. నేను జవాబు చెప్పేలోపే "అవ్వకిస్తున్న" అనేవాడు. ఆరేడేళ్లు అంతే. నాతో మాట్లాడటానికి మనసు లేదనుకున్నాను, ఒకసారి అవ్వతో అనేశాను కూడా. ఫోనుకు పెదవులు ఉండవన్న సంగతి తట్టలేదు. పైగా పాత పద్ధతి ఫోను లైను 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉండే ధ్వనినే మోసుకొస్తుంది. ఆపైన ఉన్నదాన్ని దారిలోనే వదిలేస్తుంది. బాపు చెవి వదిలేసింది కూడా ఎక్కువగా ఆ పై భాగాన్నే.

ఇంకొకటుంది. కరెంటు పోయిందంటే మా వాడకట్టు మొత్తం ఒక్క దెబ్బన సద్దుమణుగుతుంది. సాంచాలన్నీ ఆగిపోతాయి. బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఆ నిశ్శబ్దం భయం పుట్టిస్తుంది. మా వాళ్లు మాత్రం అరుగుల మీదికి వచ్చి ముచ్చట్లు పెడతారు. రోజంతా చెప్పుకోలేనివన్నీ అప్పుడు చెప్పుకుంటారు. బాపు ఒక్కడే ఆ చీకట్లో నోరు మెదపడు. అలసిపోయాడనుకునేవాళ్లం.

అవ్వ గట్టిగా మాట్లాడేది, తమ్ముడు ఇంకా గట్టిగా. ఒకరోజు బాపు కంచం పక్కకు నెట్టేసి లేచాడు.

"ఒర్రకుర్రి! ఇనవడుతుంది నాకు. ఇనవడుతుంది గని సమజ్ గాదు."

ఈ మాటను కాస్త పట్టుకోండి. వినికిడి గురించి నేను తర్వాత తెలుసుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

*

కరీంనగర్‌లో చెవి పరీక్ష చేసే చోటు. ముందు డాక్టరు గొట్టం పెట్టి చూసి, గుబిలి లేదు, కర్ణభేరి బాగానే ఉందన్నాడు. తర్వాత ఆడియాలజిస్టు గదికి పంపాడు. గదిలో ఇంకో గది. దాని తలుపు నా చెయ్యి మందం. గోడలకు రంధ్రాల రేకులు, మధ్యలో చిన్న అద్దం కిటికీ. లోపలికి అడుగుపెడితే మీకు వింతగా అనిపిస్తుంది. గాలి చెవులకు అతుక్కున్నట్టు ఉంటుంది. మింగిన చప్పుడు కూడా వినిపిస్తుంది.

"అంకుల్, ఇక్కడ మొత్తం సైలెంట్ ఉంటది. ఎంత సన్నగ ఇనవడ్డా ఈ బటన్ నొక్కుర్రి."

బాపు చుట్టూ చూశాడు. "సైలెంట్ ఏడున్నది మేడం? సాంచా నడుస్తనే ఉన్నది."

ఆమె నావైపు చూసింది. చెవుల్లో మోతా అని కళ్లతోనే అడిగింది. నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు బాపూ అంటే, "అందరికి ఉంటదనుకున్న" అన్నాడు. పనిలోంచి దిగిపోయి ఆరేళ్లు. ఆరేళ్లుగా ఆ షెడ్డు ఆయన తలలో రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తోంది.

హెడ్‌ఫోను పెట్టి తలుపు మూసింది. ఎరుపు కుడి చెవికి, నీలం ఎడమ చెవికి. నేను అద్దానికి ఇవతల ఆమె పక్కన కూర్చున్నాను. బాపు బటన్ నొక్కినప్పుడల్లా ఆమె యంత్రం మీద చిన్న దీపం వెలుగుతుంది. 250 హెర్ట్జ్, మద్దెల ఎడమ మూతలాంటి బరువైన స్వరం. వెంటనే దీపం. 500, మళ్లీ దీపం. 1,000 దగ్గర కాస్త ఆగాడు. 2,000 దగ్గర ఆమె మీట తిప్పుతూ పోయింది, 45, 50, 55, 60. దీపం.

4,000 వచ్చింది. ఆమె తన చెవిలోని ఇయర్‌ఫోను తీసి నాకు అందించింది. సూదిలాంటి ఈల. నా భుజాలు బిగుసుకున్నాయి. అద్దం అవతల బాపు ఎప్పుడు మొదలవుతుందా అన్నట్టు గోడ మీది రంధ్రాలు చూస్తూ కూర్చున్నాడు. బటన్ మీద బొటనవేలు సిద్ధంగా ఉంది. తప్పిపోకూడదని ఊపిరి బిగపట్టుకున్నట్టున్నాడు. పిల్లలు బడిలో పరీక్ష రాసేటప్పుడు ఉంటారే, అంత శ్రద్ధగా. ఈల నా చెవిలో మోగుతూనే ఉంది. ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు.

75 దగ్గర దీపం వెలిగింది.

కాగితం మీద గీత ఇలా వచ్చింది: ఎడమ చివర పైన మొదలై, నెమ్మదిగా దిగి, 4,000 దగ్గర గుంటలో పడి, 8,000 దగ్గర కాస్త లేచింది. ఆమె ఆ గుంట మీద పెన్ను మొన పెట్టి, "ఏ పని చేసేటోళ్లు?" అని అడిగింది. అప్పటిదాకా మేం సాంచాల మాట ఎత్తనే లేదు.

లోపలి చెవిలో నత్తగుల్ల లాంటిది ఒకటుంటుంది, రెండున్నర చుట్లు. దాంట్లో రోమకణాలు: లోపలి వరసలో సుమారు 3,500, బయటి వరసల్లో సుమారు 12,000. సన్నని స్వరాలు వినేవి గుమ్మం దగ్గర ఉంటాయి, బరువైన స్వరాలు వినేవి లోపలి చుట్టులో. చెవి రంధ్రం తన ఆకారం వల్లనే 3,000 దరిదాపుల ధ్వనిని ఇంకొంత పెంచి లోపలికి పంపుతుంది. దెబ్బ దానికి కాస్త పైన, 4,000 దగ్గర ముందుగా పడుతుంది. పక్షులకు ఆ కణాలు తిరిగి మొలుస్తాయి. మనిషికి మొలవవు. చచ్చినవి చచ్చినవే.

తర్వాత ఆమె తలుపు తీసి బాపు ఎదురుగా కూర్చుంది, ఒక కాగితం నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను ఏమంటే అది అనుర్రి" అంది.

"కాలు."

"పాలు."

"తల."

"కల."

"చలి."

బాపు తడుముకున్నాడు. "...అలి?"

మీరు కూడా వినండి, ఆయన చెవితో. తెలుగు అజంత భాష, మాట మాటా అచ్చుతో ముగుస్తుంది. అచ్చులు బరువైనవి, బలమైనవి, 1,000కి అటూ ఇటూ ఉంటాయి. అవి బాపుకు అందుతున్నాయి. హల్లులు, అందులోనూ స, చ, త, క లాంటివి, సన్ననివి. స అయితే 4,000 పైనే ఊదుకుపోతుంది. అంటే బాపుకు తెలుగంతా వినిపిస్తోంది, ముందు అక్షరం కొరికేసిన తెలుగు. కాలు, పాలు, సాలు, తాలు అన్నీ ఆయనకు 'ఆలు'. మాటకు ఒళ్లు ఉంది, ముఖం లేదు.

గట్టిగా అరిస్తే ఏమవుతుంది? అరవగలిగేది అచ్చులనే. స ని ఎంత అరిచినా ఒక పాటికి మించి పెరగదు. అచ్చు పెరిగి పెరిగి పక్కనున్న హల్లును మింగేస్తుంది. పదేళ్లు మేం చేసింది అదే. ఆయనకు అందని దాన్ని ఇంకా మూసేశాం. పైగా మా ముఖాల్లో కోపం కనిపించింది కూడా.

ఆమె కాగితం తీసేసింది. నోరు కనిపించగానే బాపు నిటారుగా కూర్చున్నాడు. ఒక్కొక్కటీ టకటకా చెప్పేశాడు. నాకు ఆనందం ఆగలేదు. అప్పుడామె గొంతు తీయకుండా, పెదవులు మాత్రం కదిపింది.

"పాట" అన్నాడు బాపు. ఆమె తల అడ్డంగా ఊపింది. "బాట?" ఊహూ.

"మాట" అంది ఆమె, గొంతు తెరిచి.

ప, బ, మ మూడూ మూసిన పెదవుల్లోంచే వస్తాయి. కంటికి మూడూ ఒక్కటే. మీరు అద్దం ముందు నిలబడి చప్పుడు చేయకుండా అని చూడండి. బాపు ఇన్నేళ్లు పాటకూ బాటకూ మాటకూ మధ్య, ముందు వెనక ముచ్చటను బట్టి ఊహించుకుంటూ బతికాడు. ఊహ తప్పినప్పుడు మేం నవ్వాం.

*

పది రోజుల తర్వాత అదే గది. చిన్న డబ్బాలో రెండు మిషన్లు, చిక్కుడు గింజంత. ఒకదానికి ఎర్ర చుక్క, ఒకదానికి నీలం. రెండూ కలిపి 46 వేలు. సెల్లు వెనక గోధుమరంగు స్టిక్కరు ఉంటుంది, దాన్ని పీకితేనే గాలి లోపలికి పోయి సెల్లు పని మొదలుపెడుతుంది. పీకిన వెంటనే మిషనులో వేయకుండా ఒక నిమిషం ఆగాలట. బాపు ఆ నిమిషం గడియారం చూస్తూ ఉన్నాడు.

ఆమె మిషన్లను కంప్యూటర్‌కు కలిపి, ఆ కాగితం మీది గీతను బట్టి ఏ స్వరాన్ని ఎంత పెంచాలో అమర్చింది. బరువైన వాటిని దాదాపు ముట్టుకోలేదు. సన్నని వాటినే పెంచింది, అదీ పూర్తిగా కాదు. "మెదడు కొన్నేండ్ల సంది ఇవి ఇనలేదు అంకుల్. ఒక్కసారే పెంచితే తట్టుకోదు. కొన్ని వారాలు పడుతది" అంది.

ఆన్ చేసింది.

బాపు కదల్లేదు. తర్వాత మెల్లగా చెయ్యి ఎత్తి చొక్కా కాలరును వేలితో రాశాడు. మళ్లీ రాశాడు. ఆమె గాజుల వైపు చూశాడు. ఏసీ వైపు చూశాడు. "నా గొంతు డబ్బాల నుంచి వచ్చినట్టున్నది" అన్నాడు. అని తన గొంతుకే ఉలిక్కిపడ్డాడు.

ఇక్కడ కళ్లనీళ్లు పెట్టుకునే దృశ్యం వస్తుందని మీరనుకుంటారు, నేనూ అనుకున్నాను. రాలేదు. వచ్చింది బస్టాండు. కరీంనగర్ బస్టాండులో హారన్లు, మైకులో ప్రకటనలు, కేకలు, ఇంజిన్లు అన్నీ ఒకే ఎత్తున మీద పడ్డాయి. ఏది దగ్గరో ఏది దూరమో విడదీయడం ఆయన మెదడు మరిచిపోయింది. ఒక పిల్లవాడు స్టీలు టిఫిన్ మూత కింద పడేశాడు. బాపు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. దెబ్బతిన్న చెవికి ఉన్న రెండో బాధ ఇది: సన్న చప్పుడు అందదు, పెద్ద చప్పుడు ఉన్నట్టుండి నొప్పిగా మారుతుంది. ఆ రెండింటి మధ్య మిగిలిన సందు చాలా ఇరుకు. లోకం మొత్తాన్ని ఆ ఇరుకు సందులోంచి నడిపించడమే మిషను పని.

సిరిసిల్ల చేరేదాకా మిషన్లు జేబులోనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక మళ్లీ పెట్టుకున్నాడు. పాల పాకెట్ కవరు చప్పుడుకు ఎవరో ఏదో చింపుతున్నారనుకున్నాడు. చీపురు. చెప్పులు. పేపరు మడత. మధ్యాహ్నం నిద్రపోబోతూ లేచి కూర్చుని గోడ వైపు చూపించాడు.

"అది ఎప్పటిసంది గట్ల కొట్టుకుంటుంది?"

గోడ గడియారం. ఇల్లు కట్టుకున్నప్పుడు మేనమామ తెచ్చిచ్చింది. 14 ఏళ్లు. అది చప్పుడు చేయని గడియారమని బాపు ఇన్నాళ్లూ అనుకున్నాడు. దాని కిందికి కుర్చీ జరుపుకుని కూర్చుని చాలాసేపు విన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఆయన్ను చూశాను. ఆ గదిలోకి వెళ్లాలనిపించలేదు.

*

మూడు వారాలు పెట్టుకున్నాడు. తర్వాత మిషన్లు బీరువా సొరుగులోకి పోయాయి.

దీన్ని దాచను. ఇలా చాలా ఇళ్లలో జరుగుతుంది, సొరుగుల్లో పడున్న మిషన్లు ఎన్నో. వానాకాలం ఉక్కకు సన్నని చెమ్మ పట్టి ఎడమది మూగబోయింది. తమ్ముడి కూతురు మెడ చుట్టూ చేతులు వేసి అతుక్కుంటే కుడిది కుయ్యిమని ఈల వేసింది. బయటికి పోయిన ధ్వని తిరిగి మైకులోకి దూరితే అలా అవుతుంది. పిల్ల భయపడి వదిలేసింది. ఆ రోజే తీసేశాడని అవ్వ చెప్పింది. ఇంకా ఒకటి. వాడకట్టులో ఎవరో "చెవుల మిషన్ వెట్టిన్రా, గంత ముసలోనివైనవా" అన్నారట. కళ్లద్దాలు పెట్టుకున్న మనిషే ఆ మాట అన్నాడు.

మన భాషలోనే ఉంది ఆ లోకువ. చెవిటివాడి ముందు శంఖం అంటాం. సినిమాల్లో చెవిటి పాత్ర అంటే నవ్వించడానికే. 2018లో రంగస్థలం వచ్చినప్పుడు అందులో హీరోకే చెముడు, రామ్‌చరణ్ వేసిన చిట్టిబాబుకు. బాపు ఆ సినిమా రెండుసార్లు చూశాడు. ఎందుకో అప్పుడు నేను అడగలేదు.

మళ్లీ కరీంనగర్ వెళ్లాం. ఆమె కంప్యూటర్‌లో చూసి, పెద్ద చప్పుళ్లను ఇంకొంత అణిచి, చెవిలోకి పోయే రబ్బరు మొనను మార్చింది. తేమ పీల్చే గింజల డబ్బా ఇచ్చింది, రాత్రిపూట సెల్లు తలుపు తెరిచి అందులో పెట్టమంది. ఆ తర్వాత మిషన్లను వదిలేసి మావైపు తిరిగింది. ఈ పరీక్షకు మేం సిద్ధంగా లేము.

"మీరేం మార్చుకున్నరు?"

అప్పటి నుంచి మా ఇంట్లో ఇలా నడుస్తోంది. ముందు పిలుస్తాం, బాపు తిరిగాకే మాట్లాడతాం. వంటగదిలోంచి కేక వేయం. దూరం రెట్టింపైతే మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది, ఏ మిషనూ దాన్ని పూర్తిగా తిరిగి తేలేదు. నాలుగడుగులు నడిచి రావడం దానికంటే తేలిక. అన్నాలప్పుడు టీవీ బందు. బండల మీద రెండు జంపఖానాలు పరిచాం, గోడకు పాత దుప్పటి వేలాడదీశాం. అర్థం కాకపోతే అదే మాటను మళ్లీ అనకుండా వేరే మాటతో అంటాం. 'సాలా' అని ఆయన వెనక నుంచి అడిగే అవ్వ ఇప్పుడు ముందుకొచ్చి, గరిటె ఆపి, ముఖం చూసి అడుగుతుంది. పిల్ల ముందు మిషను లేదనుకున్న పక్క భుజం మీద తల పెట్టడం నేర్చుకుంది. తర్వాత రెండు పక్కలా మిషన్లే అని గుర్తొచ్చి, ఇప్పుడు తాత పొట్టను పట్టుకుంటోంది.

"గిప్పుడు ఒర్రుతలేరు" అన్నాడు బాపు. మిషన్ల గురించి అడిగితే ఇచ్చిన జవాబు అది.

*

ధ్రువపత్రం కోసం కూడా తిరిగాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మాట వినే స్థాయుల్లో రెండు చెవులకూ 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి. బాపు సగటు 50 పైచిలుకు. 1981 నుంచి కేంద్రం నడుపుతున్న ఏడీఐపీ పథకం కింద మిషన్లు ఇస్తారు, దానికి 40 శాతం వైకల్యం ఉన్నట్టు ఆ పత్రమే కావాలి. మనిషి ఫోనుకు, పెళ్లికి, పంచాయతీకి, బ్యాంకుకు దూరమైపోయాడు. కాగితం మీద మాత్రం ఆయనకేమీ కాలేదు.

బాపు పనిచేసిన కాలమంతా అమల్లో ఉన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. పెద్ద మోత వల్ల వచ్చే వినికిడి నష్టాన్ని అది తన మూడో షెడ్యూల్లో రోగంగా రాసుకుంది కూడా. అయితే కరెంటుతో నడిచే చోట 10 మందికి తగ్గకుండా పనిచేస్తేనే ఆ చట్టం లోపలికి వచ్చేది. 16 సాంచాలకు షిఫ్టుకు ఇద్దరు, ముగ్గురు. రేకు తలుపు దగ్గరే చట్టం ఆగిపోయింది. చెవుల్లో పెట్టుకునే నురగ బిరడాలు ఒక జత ధర చాయ్‌కయ్యేంత. 40 ఏళ్లలో ఒక్కరంటే ఒక్కరు బాపు చేతిలో ఒక జత పెట్టలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని కోపం ఇది. అందుకే తగ్గడం లేదు.

మొదట మీకు చూపించిన షెడ్డులో ఇప్పుడొక కుర్రవాడు పనిచేస్తున్నాడు, ఇరవై దాటి ఉండదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, సాంచాల మోత మీదికి వినపడేంత గట్టిగా పాటలు. బాపు పాత దోస్తులను చూడటానికి వెళ్తే నేనూ వెళ్లాను. తలుపు ముందు ఆగి మిషన్లు తీసి నా చేతికిచ్చాడు, ఆ మోతను పెంచి చెవిలో పోసుకోవడం ఎవరికి కావాలి. లోపలికి వెళ్లి కుర్రవాడి ముందు నిలబడ్డాడు. వేలితో ఇయర్‌ఫోన్లు చూపించి తల అడ్డంగా ఊపాడు. తన చెవి చూపించి చెయ్యి తిరగేశాడు, పోయింది అన్నట్టు. నేను తెచ్చిన నురగ బిరడాల పాకెట్ అతని చేతిలో పెట్టాడు. కుర్రవాడు నన్ను చూశాడు, బాపును చూశాడు. ఒకటి నలిపి చెవిలో పెట్టుకున్నాడు. రెండోది పెట్టుకున్నాడో లేదో, పోగు తెగితే అటు పరిగెత్తాడు.

*

మొన్న శ్రావణంలో ఒక రాత్రి. అన్నాలయ్యాయి. ఫట్టుమని కరెంటు పోయింది. ముందు మా ఫ్యాను నెమ్మదించింది, తర్వాత వీధి, ఆ తర్వాత వాడకట్టు మొత్తం. ఒక్కో షెడ్డూ ఊపిరి వదిలినట్టు ఆగిపోయింది. అరుగు మీదికి వచ్చాం. మబ్బు పట్టిన రాత్రి, మీ చెయ్యి మీకు కనపడదు. బాపు గోడ పక్క కుర్చీలో ఉన్నాడని నాకు తెలుసు, కనిపించి కాదు.

నా చెయ్యి అలవాటుగా ఫోను కోసం వెతికింది. కొన్ని నెలలుగా కరెంటు పోతే టార్చి వేసి మాట్లాడే వాళ్ల ముఖం మీద పెడుతున్నాను, బాపుకు పెదవులు కనపడాలని. ఫోను లోపల ఛార్జింగులో ఉండిపోయింది.

అవ్వ గుమ్మంలో నిలబడి తనలో తాను అనుకున్నట్టు అంది, ఎవరినీ పిలవకుండా, గొంతు పెంచకుండా. "దోమలు బాగున్నయి. కాయిల్ ముట్టియ్యాలె. అగ్గిపెట్టె ఏడున్నదో."

ఎవరం మాట్లాడలేదు.

చీకట్లోంచి వచ్చింది. "దేవుని కాడ ఉంటది సూడు."

అవ్వ కదల్లేదు. "ఏమన్నవ్?"

"అగ్గిపెట్టె. దేవుని కాడ."

లోపల తడుముకుంటున్న చప్పుడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు, చర్రుమని. ఆ చర్రులో ఎక్కువగా ఉన్నది ఆ సన్నని స్వరమే. నేను బాపు వైపు జరిగి, కుర్చీ చెయ్యి తడిమి ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"చెవుల్ల సాంచా ఆగిందా బాపూ?"

"ఆగలే. నడుస్తనే ఉన్నది." కాసేపు ఊరుకున్నాడు. అవతలి అరుగు మీద ఎవరో నవ్వారు. లోపల అవ్వ ఇంకేదో గొణుగుతోంది. బాపు తల అటు తిప్పినట్టు చెయ్యి కదలికను బట్టి తెలిసింది.

"నడవనీ తియ్యి. జర ఆగు, మీ అవ్వ ఏమంటున్నదో ఇననియ్యి."